సిస్టర్ పిలార్ తల్లికి ఉత్తరాలు

“కోమెస్ కాదు ఫిలోమినా, కోమాస్,” అంది సిస్టర్ పిలార్, స్పానిష్ పాఠం చెబుతూ. “కోమెస్ అంటే నువ్వు తింటున్నావు. కోమాస్ అంటే నువ్వు తినాలని నా కోరిక. జరిగేదానికి ఒక మాట, జరగాలనుకునేదానికి ఇంకో మాట. మీ తెలుగులో లేదా ఏంది, గాక అని? ప్రార్థనలో అంటారే, నీ రాజ్యము వచ్చుగాక అని. అదే ఇది.”

ఫిలోమినా చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

ఆ వేసవి నుంచి ‘గాక’ అనే మాట ఆమె నోట రాలేదు. నాలుగేళ్ళ ఆగ్నేసుకి కలరా సోకినప్పుడు మంచం పక్కన కూర్చుని, ‘నా బిడ్డ బతుకుగాక’ అని వెయ్యిసార్లు అనుకుని ఉంటుంది. మూడోనాడు మొగుడు ఇన్నయ్య బిడ్డను భుజానేసుకుని సమాధుల దొడ్డికి తీసుకుపోయాడు. ఫిలోమినా గుడికి పోవడం మానేసింది. వండటం మానేసింది. తల దువ్వుకోవడం మానేసింది. సాగర్ డ్యాము పని నుంచి వారానికోసారి ఇంటికొచ్చే ఇన్నయ్య, చల్లారిన పొయ్యి చూసి, “నువ్వు కూడా పోతావా ఏందే?” అని ఏడ్చాడు.

అలాంటి రోజుల్లో సిస్టర్ పిలార్ కర్ర పొడుచుకుంటూ ఆ ఇంటి గడప దాకా వచ్చింది. స్పెయిన్ దేశపు మనిషి. ఇరవై ఏళ్ళుగా రెంటచింతలలో రోగులకు మందులిచ్చి, ఊరి మాట ఊరివాళ్ళలాగే నేర్చింది. ఆ ఏడే కళ్ళు పూర్తిగా పోయాయి.

“మా అమ్మకి ఉత్తరాలు రాసిపెట్టే మనిషి కావాల. నువ్వు ఎనిమిది చదివావు. ఇంగ్లీషు అక్షరాలు వచ్చుగా, మా భాషకీ అవే. నేను చెప్తా, నువ్వు రాయి.”

కాదనే ఓపిక కూడా లేక వెళ్ళింది ఫిలోమినా. రోజూ ఒక పాఠం, వారానికో ఉత్తరం. కోమా, కోమాస్, కోమా, కోమామోస్... అర్థం తెలియకుండా రాయడం మొదలుపెట్టి, అర్థం తెలిసి రాసేదాకా వచ్చింది. సిస్టర్ తన తల్లికి ఎండల గురించి, మిరప కల్లాల గురించి రాయించేది. చివర ఎప్పుడూ ఒకటే మాట: అమ్మా, జవాబు రాయి.

నాలుగు నెలలకి పోస్టుమాస్టరు సుబ్బారావు పిలిచాడు. “ఫిలోమినమ్మా, మొదట పంపిన ఉత్తరం తిరిగొచ్చింది. ఏందో ముద్ర కొట్టారు.”

తనకొచ్చిన నాలుగు ముక్కలతో కూడబలుక్కుంది. అలాంటి మనిషి ఆ చిరునామాలో లేదట. పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుంది. పాపం, ముసలామె ఎప్పుడు పోయిందో, కూతురికి చెప్పే దిక్కు కూడా లేకపోయింది.

చెప్పేద్దామనే వెళ్ళింది.

“ఉత్తరం వచ్చిందా?” అడుగుల చప్పుడికే అడిగింది సిస్టర్.

“వచ్చింది,” అంది ఫిలోమినా. మిగతాది చెప్పబోయింది.

“చదువు! చదువు!”

తిరిగొచ్చిన ఉత్తరాన్నే చేతిలో పట్టుకుంది. “ఈహా మీయా,” అంది చదువుతున్నట్టుగా. నా బిడ్డా. ఆ పిలుపు నోటికొచ్చి ఎన్ని నెలలైందో. “కియెరో కే కోమాస్.” నువ్వు తినాలి.

సిస్టర్ కళ్ళు తుడుచుకుంది. “అమ్మ తినమన్నాక తినకపోతే ఎట్టా? అన్నం పెట్టు. నువ్వూ పెట్టుకో, ఒక్కదాన్నే తినలేను.”

ఆ మధ్యాహ్నం ఇద్దరూ గోంగూర పచ్చడేసుకుని కడుపునిండా తిన్నారు.

అది మొదలు ఐదేళ్ళు నడిచింది. ఆ తల్లి పేరుతో నెలకో ఉత్తరం, పొయ్యి మీద ఎసరు పెట్టి, తీరిగ్గా ఆలోచించి రాసేది ఫిలోమినా. నువ్వు నిద్రపోవాలి బిడ్డా. ఎండన తిరగొద్దు. పాదాలకు నూనె రాసుకో. చదువుతుంటే సిస్టర్ మధ్యలో నవ్వేది. “దుయెర్మెస్ అని రాసిందా? నిద్రపోవాలి అనాలంటే దుయెర్మాస్. బడికి పోలేదు పాపం మా అమ్మ, ఎప్పుడూ ఈ తప్పే.” దొరికిపోయానేమో అనుకునేది ఫిలోమినా. మర్నాడు పాఠం ఆ మాట మీదే నడిచేది: దుయెర్మా, దుయెర్మాస్... ఆ పైనెల ఉత్తరంలో ఆ తప్పు ఉండేది కాదు.

ఇన్నయ్య వచ్చేసరికి ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. ఫిలోమినా గుడికి పోతోంది. ప్రార్థనలో ‘గాక’ దగ్గర ఇప్పుడు ఆగడం లేదు.

పంతొమ్మిది వందల అరవై మూడు వేసవిలో సిస్టర్ మంచం పట్టింది. జ్వరం దిగలేదు. ఫిలోమినా మంచం పక్కన కూర్చుని ఆఖరి ఉత్తరం తీసింది.

“ఈహా మీయా. కియెరో కే బీబాస్.” నా బిడ్డా, నువ్వు బతకాలి.

సిస్టర్ ఆమె చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. “బీబాస్,” అంది మెల్లగా. “అమ్మ ఈసారి తప్పు లేకుండా రాసింది.”

తెల్లారేసరికి పోయింది.

సమాధి చేశాక, గుంటూరు నుంచి వచ్చిన పెద్ద సిస్టర్ మెర్సెదెస్ కాళ్ళ దగ్గర కూలబడింది ఫిలోమినా. ఆమెదీ పిలార్‌దీ ఒకే ఊరు.

“నేను పాపం చేశానమ్మా. వాళ్ళమ్మ ఎప్పుడో చనిపోతే, ఆ సంగతి దాచిపెట్టి, ఐదేళ్ళూ నేనే ఆ తల్లినై ఉత్తరాలు రాశాను. గుడ్డిదాన్ని మోసం చేశాను.”

మెర్సెదెస్ అర్థం కానట్టు చూసింది. వంగి ఆమెను లేవనెత్తింది.

“ఏ తల్లి ఫిలోమినా? పిలార్ మా ఊరి మఠం గుమ్మంలో దొరికిన పసిగుడ్డు.”