గదిలోకి కొత్త మనిషి

“అమ్మ ఇప్పుడే వస్తుంది నాన్నా” అని చెప్పకూడదు. ముద్దు పెట్టకూడదు. చడీచప్పుడు లేకుండా లేచి బయటికి వెళ్లిపోవాలి. అదీ నియమం.

“గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి కూడా చూడకూడదా సార్?” తల్లి అడిగింది.

“చూడకూడదమ్మా.” ప్రొఫెసర్ మెత్తగానే చెప్పాడు.

విశ్వవిద్యాలయంలో పిల్లల ఎదుగుదల, కుటుంబ జీవనం మీద పరిశోధన చేసే విభాగానికి ఆయన పెద్ద. తల్లి వెళ్లినప్పుడు పిల్లాడు ఏం చేస్తాడు, తిరిగి వచ్చినప్పుడు ఏం చేస్తాడు అన్నది చూసి ఇంటి గుట్టు చెప్పగలడని పేరు.

ఆమె సరదాకి రాలేదు. చంటిగాడికి రెండేళ్లు నిండబోతున్నాయి, ఇంకా మాటలు రాలేదు. వాడి తొడల మీద గిచ్చిన గుర్తులు. ఎవరో పేరు చెప్పకుండా శిశు సంక్షేమ కార్యాలయానికి ఫోన్ చేసి, ‘తల్లి పనే’ అన్నారు. అధికారిణి విచారణ మొదలుపెట్టింది.

తల్లికి బట్టల ఫ్యాక్టరీలో పని. తెల్లారకుండా వెళితే దీపాలు పెట్టాకే ఇల్లు చేరేది. మొగుడు లేడు. తాతయ్యే పిల్లాణ్ణి డే కేర్ గేటు దాకా తీసుకెళ్లి వాచ్‌మన్‌కి అప్పగిస్తాడు. అధికారిణి అక్కడికీ ఫోన్ చేసింది. అక్కడ వాడు నోరెత్తడట, బంగారు కొండట. ఇంటికొస్తేనే రాగం ఎత్తుకుంటాడని ఇరుగుపొరుగు చెప్పారు.

ఈ పరీక్షలో ఏది తేలితే అది. వాడు తల్లి దగ్గర ఉండాలో వద్దో దాన్నిబట్టే.

“గిచ్చింది ఎవరో వాడు చెప్పలేడు. ఎవరంటే భయమో మాత్రం చూపించి తీరతాడు,” అన్నాడు ప్రొఫెసర్.

తల్లి లేనప్పుడు గదిలోకి ఒక కొత్త మనిషి వెళ్లాలి. శనివారాల్లో ఆ పాత్ర వేసే ఆవిడ వసారాలో కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, గుండ్రటి నవ్వుమొహం.

“నోట్లో వేలు పెట్టినా కొరికేలా లేదే!” అంది అధికారిణి గుసగుసగా.

ప్రొఫెసర్ నియమం ప్రకారం ఆవిణ్ణి తల్లికి చూపించాడు. “ఎప్పుడైనా చూశారా? చుట్టాలు, పక్కింటివాళ్లు...”

“లేదు సార్. ఎవరో కూడా తెలీదు.”

“మంచిది. ఇక వెళ్లండి.”

గోడకున్న అద్దం గది లోపలివాళ్లకి అద్దమే, ఇవతల కూర్చున్నవాళ్లకి కిటికీ. ప్రొఫెసర్, అధికారిణి ఇద్దరూ కళ్లప్పగించి చూస్తున్నారు.

తల్లి లేచింది. వెనక్కి తిరగకుండానే వెళ్లింది. తలుపు మూసుకోగానే చంటిగాడు గుక్కపట్టాడు. పరుగెత్తి తలుపును రెండు చేతులా బాదాడు.

తలుపు తెరుచుకుంది. కొత్త మనిషి లోపలికొచ్చింది.

కుళాయి కట్టేసినట్టు ఏడుపు ఆగిపోయింది.

“అమ్మో, మంత్రం వేసిందా ఏంటి?” అధికారిణి ముందుకు వంగింది.

చంటిగాడు నెమ్మదిగా కూలబడ్డాడు. చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నాడు. ఆవిడ బంతి దొర్లించింది. వాడు తిరిగి దొర్లించాడు. వెక్కిళ్లకి భుజాలు ఎగురుతున్నాయి గానీ గొంతులోంచి చప్పుడు లేదు.

“ఉష్ అంటున్నాడు చూడండి, దొంగవెధవ! ఎంత ముద్దొస్తున్నాడో!”

తల్లి తిరిగొచ్చింది. కొత్త మనిషి మూలకి జరిగింది.

“నాన్నా! రారా!” తల్లి చేతులు చాచింది.

వాడు కదల్లేదు. తల్లి వైపు చూడనైనా లేదు. మూలనున్న ఆవిడనే చూస్తున్నాడు. తల్లి ఎత్తుకుంటే కట్టెలా బిగుసుకుపోయాడు. వేలు మాత్రం పెదాల మీంచి తీయలేదు.

“ఏమైందిరా? నేనురా, అమ్మని!”

ప్రొఫెసర్ కలం కింద పెట్టాడు. “తల్లి వస్తే పరుగెత్తుకు రావాలి. లేదా అలగాలి, కొట్టాలి. ముక్కూమొహం తెలీని మనిషి దగ్గర కుదురుగా ఉన్నవాడు కన్నతల్లి చేతుల్లో ఇలా గడ్డకట్టాడంటే...”

ఆయన వాక్యం పూర్తి చేయలేదు. అవసరం లేకపోయింది.

వసారాలో తల్లి ఆయన కాళ్ల మీద పడబోయింది. “వీడి మీద ఒట్టు సార్, నేను చెయ్యెత్తి కూడా ఎరగను!”

“మరి ఇంట్లో మీ దగ్గరే ఎందుకమ్మా అంత ఏడుపు?”

“నా దగ్గర కాక ఇంకెవరి దగ్గర ఏడుస్తాడు సార్?”

ఆ మాట ప్రొఫెసర్‌కి ఎక్కడో తగిలింది. మళ్లీ చేతిలోని కాగితం చూసుకున్నాడు. కాగితం మరోలా చెబుతోంది.

కొత్త మనిషి చేతిసంచి భుజాన వేసుకుని బయల్దేరింది.

“మీ చేతిలో ఏదో మహిమ ఉందమ్మా,” అన్నాడాయన.

“అబ్బే, నాదేముంది సార్. నా దగ్గర పిల్లలు ఇట్టే సర్దుకుంటారు.”

నిర్ణయం అయిపోయింది. విచారణ ముగిసేదాకా తల్లి వాణ్ణి చూడటానికి వీల్లేదు. అధికారిణి ఊరవతల ఉన్న బాలల గృహం పేరు చెప్పింది. ప్రొఫెసర్‌కి జాలేసింది.

“కొత్తచోటైతే బెంగపెట్టుకుంటాడు. రోజూ ఉండే డే కేర్‌లోనే రాత్రిళ్లు కూడా ఉంచే ఏర్పాటు ఉందిగా? అలవాటైన చోటు, అలవాటైన మొహాలు. అదే మంచిది.”

సోమవారం పొద్దున సంక్షేమ కార్యాలయం డ్రైవరు చంటిగాణ్ణి గేటు దగ్గర దించి వెళ్లిపోయాడు. చంకలో చిన్న బట్టల మూట. వాచ్‌మన్ వాణ్ణి లోపలి తలుపు దాకా నడిపించి, ఆయాని కేకేశాడు.

తలుపు తెరుచుకుంది, శనివారాల్లో మాత్రమే ‘కొత్త మనిషి’ అయ్యే ఆవిడ వాణ్ణి చూసి గుండ్రంగా నవ్వి, చూపుడువేలు తన పెదాల మీద పెట్టుకుంది.