మూడు దెబ్బలు

తాళాలాయన ఇనపదిమ్మె మీద సుత్తితో మూడు దెబ్బలు వేశాడు.

టంగ్. టంగ్. టంగ్.

వీధి పొడుగునా షట్టర్లు ఒకదాని వెంట ఒకటి దిగాయి. టైలరు సగం కుట్టిన చొక్కా చేతిని సూది కిందే వదిలేశాడు. చెప్పులాయన పనిముట్ల మీద గోనెపట్టా కప్పి లోపలికి దూరాడు.

పన్నెండు దుకాణాల్లో పదకొండు మూతపడ్డాయి. పడనిది గొడుగులవ్వది. ఆవిడకు చెవుడు.

వీధి మొదట్లో కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. నెరిసిన జుట్టు. చంకలో కాగితాలు బిగించిన అట్ట. చేతిలో కమ్మీ విరిగిన గొడుగు.

"జేబులో రెండు పెన్నులు బావా," షట్టరు సందులోంచి చూస్తూ గొణిగాడు తాళాలాయన. "ఒక మనిషికి రెండెందుకు?"

"ఒకటి పేరు రాయడానికి, ఒకటి కొట్టెయ్యడానికి," మధ్యనున్న చెక్కగోడ అవతలి నుంచి టైలరు జవాబు.

నిరుడు ఇలాగే ఇద్దరొచ్చారు, కొలతల టేపు పట్టుకుని. వారం తిరక్కుండా చివరి మూడు దుకాణాలు లేచిపోయాయి. అక్కడిప్పుడు పెద్ద స్టోరుకు వచ్చేవాళ్ళ కార్లు నిలుపుతున్నారు.

మిగిలిన వీధినైనా ఉంచమని అందరూ కలిసి మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టుకున్నారు. నాలుగు నెలలైంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పుడు తాళాలాయన కనిపెట్టిన ఉపాయం ఇది. మనిషి కనబడని దుకాణానికి నోటీసు ఇవ్వలేరు. కొత్తమొహం కనబడితే మూడు దెబ్బలు.

కొత్త మనిషి ఒక్కో షట్టరూ తట్టుకుంటూ వచ్చాడు. తాళాలాయన షట్టరు దగ్గర కాసేపు ఆగాడు.

"అయ్యా, లోపల ఎవరైనా ఉన్నారా?"

తాళాలాయన సుత్తిని చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

ఆ మనిషి ఏదో రాసుకుని అవ్వ దగ్గరికి నడిచాడు. అక్కడ గంటసేపు కూర్చున్నాడు.

అతను వీధి దాటగానే అందరూ అవ్వను చుట్టేశారు.

"ఏమడిగాడవ్వా?" చెవిలో అరిచాడు తాళాలాయన.

"కమ్మీ వెయ్యమన్నాడు. వేశాను."

"బేరమాడాడా?"

"ఊహూఁ. అడిగినంతా ఇచ్చాడు."

"ఇంకేం, ఖాయం!" అన్నాడు టైలరు. "బేరమాడని వాణ్ణి పుట్టినప్పట్నుంచీ నేను నమ్మలేదు."

"ఈ వీధి లేకపోతే జనం ఎక్కడికి పోతారని అడిగాడు. పాపం, నాకు వినబడాలని గొంతు పగిలేలా అరిచాడు."

"నువ్వేం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను. బడిపిల్లల సంచులకి టైలరు ఊరికే జిప్పులేస్తాడనీ, తెగిన చెప్పుతో వచ్చినవాళ్ళు మళ్ళీ కుంటకుండా పోతారనీ. ఊళ్ళో సగం ఇళ్ళ తాళాలు తీసింది నువ్వేననీ."

"అయ్యో అవ్వా! నన్ను దొంగననుకుంటాడే!"

నవ్వారుగానీ ఎవరికీ నవ్వు రాలేదు.

వారానికి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ మూడు దెబ్బలు. మళ్ళీ పదకొండు షట్టర్లు.

మూడోసారి వచ్చినప్పుడు చంకలో అట్ట లేదు. జేబులో పెన్నులూ లేవు.

"మారువేషం," అన్నాడు టైలరు.

ఈసారి అతను పోలేదు. పొద్దున వచ్చినవాడు మధ్యాహ్నం దాకా, అవ్వ కమ్మీ వేసిన గొడుగు పట్టుకుని, ఎండలో వీధి మధ్య నిలబడ్డాడు. లోపల పదకొండు మందికీ చెమటలు కారుతున్నాయి.

"అయ్యా, ఒక్కసారి తెరవండి," తాళాలాయన షట్టరు ముందుకొచ్చి అన్నాడు. "ఒక్కరు బయటికొచ్చినా చాలు. మనిషి కనబడితే చాలు."

"విన్నావా బావా? మనిషి కనబడాలంట," తాళాలాయన గుసగుసలాడాడు. "నోటీసు చేతిలో పెట్టొద్దూ మరి!"

అతను గొడుగు ముడిచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం వీధంతా గెలిచినట్టు టీలు తాగింది.

మూడో రోజున ఉత్తరం వచ్చింది.

'పది దుకాణాలకు తక్కువ కాకుండా నడుస్తున్న వీధిని తొలగించరాదు. ప్రతి దుకాణానికీ ప్రభుత్వ సాయం అందించవలెను. కాని తనిఖీలో మీ వీధిన నడుస్తున్నది గొడుగుల దుకాణం ఒక్కటే. కావున మీ అర్జీ తోసిపుచ్చడమైనది.'

తాళాలాయన, టైలరు ఆఫీసుకు పరుగెత్తారు.

గుమాస్తా అమ్మాయి ఫైలు విప్పింది.

"ఒక్కసారి చూసి రాసెయ్యడం ఇక్కడి పద్ధతి. తనిఖీకి వచ్చినాయన మీ వీధికి రెండుసార్లు వెళ్ళారు. అసలు మీ అర్జీని అటక మీది కట్టల్లోంచి దింపిందే ఆయన."

"ఏం రాశాడమ్మా?"

ఆమె చదివింది.

"'పదకొండు మూసి ఉన్నవి. అయితే ఒకదానిలో సుత్తి మూడుసార్లు మోగింది. పని నడుస్తున్నట్టే ఉంది. మళ్ళీ వెళ్ళాలి.' ఇది మొదటిసారిది. రెండోసారిదీ ఇంతే. 'సుత్తి మోగింది. మనిషి కనబడలేదు. గడువు కావాలి.'"

తాళాలాయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"మూడోసారీ వచ్చాడమ్మా," అన్నాడు టైలరు. "అది రాయలేదా?"

"గడువు చివరిరోజు కదూ? ఆ పొద్దున ఆయన ఇక్కడికొచ్చి, ఫైలు మూయొద్దు, మధ్యాహ్నానికల్లా ఒక్కరినైనా వెంటబెట్టుకొస్తానన్నారు. సాయంత్రం దాకా చూశాం."

"మరి ఆ రోజూ ఆఫీసు పంపిన మనిషేగా, మా గురించి నాలుగు ముక్కలు రాయొచ్చుగా?" అన్నాడు తాళాలాయన.

"ఆఫీసెందుకు పంపుతుందండీ?" అంది ఆ అమ్మాయి, ఫైలుకు తాడు కడుతూ. "ఆయన రిటైరై అప్పటికే నాలుగు రోజులైంది."