తాడు తిట్టడం మానేసిన రోజు

రేవులో ఓడల్ని కట్టేసే తాళ్లకు మాటలొచ్చి చాలా కాలమైంది. తెగిన తాడు విసురుగా వచ్చి మనుషుల్ని కొట్టి చంపుతుంటే, మొదట నేలమీద పసుపు గీతలు గీశారు. గీత ఇవతల నిలబడ్డవాళ్లకూ దెబ్బలు తప్పలేదు. చివరికి తాళ్లకే గొంతులు పెట్టారు. ఎవరు ఇంట్లో ఎవరి మాటకు జడుస్తారో కనుక్కుని మరీ పెట్టారు. అసిరయ్య దగ్గరికొస్తే తాడు అచ్చం అతని భార్య నూకరత్నంలాగే అరిచేది.

"అక్కడ నిలబడ్డావేటి? ఎనక్కి జరగవయ్యా!"

"నాకు డ్యూటీ ఎక్కినా ఇల్లే, దిగినా ఇల్లేరా," అని అసిరయ్య అందర్నీ నవ్వించేవాడు.

ఆ పొద్దున్న గాలికి ఓడ ఊగి తాడు బిర్రుగా బిగుసుకుంది. అసిరయ్య పక్కనే ఉన్నా అది కిక్కురుమనలేదు.

"వదిన నిద్రోయినట్టుందన్నా," అన్నాడు తోటి పనివాడు గౌరీసు.

అసిరయ్య నవ్వలేదు. నూకరత్నం నోరు మూసుకుందంటే ఏమవుతుందో కాపురం చేసినవాడికి తెలుసు. గౌరీసు చెయ్యి పట్టి లాక్కుంటూ పరిగెత్తాడు. వెనకాల తాడు ఫట్‌మని తెగి, వాళ్లు నిలబడ్డ చోటును ఊడ్చుకుపోయింది. లోపలి పోగులతోపాటే దాని గొంతు కూడా ముందే తెగిందని తర్వాత తేలింది.

సాయంత్రం గుమ్మంలో నూకరత్నం నిలబడి ఉంది. కబురు అప్పటికే అందింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నోట మాట లేదు.

అసిరయ్య చెప్పులైనా విడవకుండా రెండడుగులు వెనక్కి వేశాడు.

"మళ్లీ ఎక్కడికి? అన్నం సల్లారిపోతంది, రా!" అని కసిరింది.

అసిరయ్యకు అప్పుడు ప్రాణం లేచొచ్చింది.