పద్దెనిమిది రోజుల మందు

ఆ ఇంట్లో పందులకున్న రాత కోడలికి లేదని పక్కింటావిడ అందట. ఎవరితో? పాలవాడితో. అతగాడు ఆ మాటను పాలతోపాటు మోసుకొచ్చి, చుక్క తొణక్కుండా వీళ్ళ గుమ్మంలోనే పోసి వెళ్ళాడు.

కోడలు ఆ మాట విని, పాలు పొయ్యి మీద పెట్టింది. అందులో అబద్ధమేముంది గనక?

పందుల కొట్టం నడిచేది ఆమె చేతుల మీదే. పడుచు పందులను జట్లుగా విడదీసి, ఒక్కో జట్టుకూ పద్దెనిమిది రోజులు దాణాలో ఎదమందు కలిపి పెడుతుంది. ఆ తర్వాత వారానికల్లా అన్నీ కూడబలుక్కున్నట్టు ఎదకొస్తాయి. ఒక జట్టు అయ్యేలోపే ఇంకో జట్టు. ఏడాది పొడుగునా అదే పని.

మందు నూనెలా జిడ్డుగా ఉంటుంది. మోచేతుల దాకా ముంచి కలిపితే గానీ దాణాకు పట్టదు. మొదటిసారి మందుపెట్టెలో చేతితొడుగులు కూడా వచ్చాయి. అత్తగారు వాటిని లాక్కుని తన ట్రంకుపెట్టెలో పెట్టేసింది. వీధిలో సగంమందికి పురుడు పోసిన మంత్రసాని ఆవిడ.

"పందుల దాణాకి తొడుగులేంటే, దొరసానీ? నా మనవడు పుట్టేరోజు నేను తొడుక్కుంటా!"

అది పెళ్ళయిన రెండో ఏడు. ఇది ఏడోది.

నెలసరి వస్తే మూడు నెలలకు, లేకపోతే నాలుగుకు. మణికట్టు విరిగి అక్క దగ్గర ఉన్న మూడు నెలలూ మాత్రం తేదీ తప్పలేదు. అక్కడి నీళ్ళు పడ్డాయన్నారు అందరూ. తిరిగొచ్చింది. మళ్ళీ మామూలే.

నిన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితాలు మూసేసింది. "ముప్ఫై రెండుకే ముట్లుడిగేట్టుందమ్మా. ఇక ఆశ పెట్టుకోకు."

ఈ పూట దాణాతొట్టి ముందు కూర్చుని కలుపుతూనే ఏడుస్తోంది. కళ్ళు తుడుచుకుందామంటే చేతుల నిండా జిడ్డు. మొగుడు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడే పశువుల డాక్టరు వచ్చాడు. ఊరికి కొత్త. పందులను చూసి మెచ్చుకున్నాడు. వెళ్ళబోతుంటే ఆమె అడ్డం వెళ్ళి నిలబడింది. సిగ్గు చచ్చిపోయింది.

"డాక్టరుగారూ, ఈ మందు... నేను కాస్త తాగితే? పందులకు పనిచేసింది నాకు చెయ్యదా?"

"నీకు మతి గానీ పోయిందేంటే!" అత్తగారు నెత్తి కొట్టుకుంది.

డాక్టరు ఆమె మోచేతులకేసి చూస్తున్నాడు. "తొడుగులు ఇవ్వలేదా మీకు?"

"ఇచ్చారు బాబూ. ఐదేళ్ళ నుంచీ నా పెట్టెలో భద్రంగా ఉన్నాయి. మనవడి పురుడుకని దాచా."

"అది ఎద తెప్పించే మందు కాదమ్మా, పెట్టినన్నాళ్ళూ ఎదను ఆపే మందు, మానేశాకే ఎదకొచ్చేది, మీ కోడలి చేతులు ఐదేళ్ళుగా దాన్ని తాగుతూనే ఉన్నాయి."