కోసిన మడికి కంచె

చుక్కల నుంచి వచ్చే రేడియో అలలు వినే పెద్ద యాంటెనాలకు సెల్ టవర్ల గోల లేని జాగా కావాలె. బామ్ని ఊరి దగ్గర దొరికిందనుకున్న. కానీ మూడు దినాల నుంచి నా మిషన్ల ఏదో చప్పుడు సెకనుకోసారి టక్కుమంటాంది. ఈ జాగా పనికొస్తదో లేదో రేపే రిపోర్టు పంపాలె.

చేతి యాంటెనా పట్టుకొని ఎండల పొలాలెంట తిరిగిన. చప్పుడు పెరుగుకుంట పోయి సమ్మన్న అనే రైతు మడికాడ దొరికింది. అడవిపందులు రాకుండ తీగెలకు షాకు పెట్టే ఝట్కా మిషన్ నడుస్తాంది.

మడి కోసి పది దినాలైంది. కొయ్యకాళ్లే ఉన్నయి.

"దేనికి కాపలా కాకా?" గరంగనే అడిగిన.

సమ్మన్న తలెత్తలే. "గీడ చప్పుడు లేదని నువ్వు రాస్తే, మా ఊరికి ఇగ టవర్ రానియ్యరట గద బిడ్డా?"

"రానియ్యరు."

"నిరుడు అంబులెన్సుకు ఫోన్ చేద్దామని సిగ్నల్ కోసం గుట్టెక్కిన. దిగొచ్చేసరికి పెద్దబిడ్డ కాన్పుల పోయింది. చిన్నబిడ్డ ఇప్పుడు ఏడు నెలల కడుపుతోని ఉంది." మిషన్ స్విచ్ మీద చెయ్యి పెట్టిండు. "బంద్ చెయ్యమంటవా?"

నా చేతుల యాంటెనా టక్కుమంటనే ఉంది.

"పందులు ఇంకా తిరుగుతున్నయి కాకా," అన్న. "ఉండనియ్యి."