టీచరమ్మ ముఖం

"త్రిభుజంలో రెండు కోణాలు అరవై, డెబ్భై. మూడోది ఎంత?"

అడిగి ఊరుకుంది సీతారావమ్మ. కంప్యూటర్ తెర మీద తొమ్మిది సెకన్లు గడిచాయి. ఎవరో జవాబు చెప్పినట్టు నవ్వి, తలూపింది. "అవును, యాభై" అంది.

"ఎవరు చెప్పారయ్యా ఈవిడకు యాభై అని?" అన్నాడు శ్రీవత్స, వేణుమాధవ్ కుర్చీ వెనక నిలబడి.

"ఎవరూ చెప్పలే సార్. ప్రతి పాఠంల గిట్లనే చేస్తది."

పదో తరగతి పాఠాలను ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టే సంస్థ వాళ్లది. శ్రీవత్స దాని డైరెక్టరు. వచ్చిన పాఠాలను కత్తిరించి వెబ్‌సైట్‌కు ఎక్కించడం వేణుమాధవ్ పని. అందరివీ ఒక పూటలో తెమిలిపోతాయి. సీతారావమ్మవి మాత్రం ఒక పట్టాన తెమలవు. బోర్డు మీద రాస్తున్నంతసేపూ ఆవిడ నోరు మెదపదు. రాయడం అయ్యాక ఇటు తిరిగి, ఒక్కో మాటా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతుంది. మైకు నోటికి అడ్డం రానివ్వదు. లైటు బోర్డు మీదికి తిప్పమంటే తన ముఖం మీదికి తిప్పుకుంటుంది. యాభై ఏడేళ్ల వయసులో ఈవిడకు ఈ సోకేమిటని వేణుమాధవ్ లోలోపల నవ్వుకునేవాడు.

"నెట్ సెంటర్లలో వీడియో కదలక చస్తోంది" అన్నాడు శ్రీవత్స. "ముఖాలు తీసేద్దాం. బొమ్మలు, వెనక గొంతు. చాలు. అందరూ సరేనన్నారు, ఈవిడొక్కతే ఫోన్లో కుదరదంది. రేపు వెళ్లి ఒప్పించు. కాదంటే ఆవిడ పాఠాలన్నీ తీసేసి ఇంకెవరితోనైనా చెప్పిద్దాం."

వేణుమాధవ్‌కు మనసు చివుక్కుమంది. నవ్వుకుంటే నవ్వుకున్నాడు గానీ ఆమె పాఠాలంటే అతనికి ఇష్టం. మొన్ననే ఎవరో మెయిల్ కూడా రాశారు, నెట్ సెంటర్‌లో ఇయర్‌ఫోన్లు పనిచేయకపోయినా టీచరమ్మ చెప్పింది అర్థమైందని.

మర్నాడు మధ్యాహ్నం జల్‌పల్లి నుంచి బండి మీద బయల్దేరి, చార్మినార్ వెనక గల్లీలో రుక్మాబాయి ముత్యాల దుకాణం ముందు ఆగాడు. లోపల ఒక యువకుడు గల్లీకి వీపు పెట్టి ముత్యాలు గుచ్చుతున్నాడు.

"అన్నా, టీచరమ్మ ఉండేది ఈడనేనా?"

పలకలేదు. వెనక ఆటోలు ఒకటే మోత. ఇంకోసారి గట్టిగా అడిగాడు. అయినా చేతిలోని దారం మీంచి తల ఎత్తలేదు.

"పైననే ఉన్నది, పో బేటా" అంది గద్దె మీది రుక్మాబాయి.

వీనికి మస్తు గీర ఉన్నట్టుందనుకుంటూ మెట్లెక్కాడు వేణుమాధవ్.

గది నిండా ఒక బోర్డు, ఒక కెమెరా, రెండు కుర్చీలు. సీతారావమ్మ మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది.

"నన్ను తీసేస్తామన్నారా బాబూ?"

"గట్ల కాదు మేడమ్. ముఖం తీసేస్తే చాలంట. మీ గొంతు ఉంటది. ఫికర్ పడకుండ్రి."

"ముఖం లేకపోతే నా పాఠం పాఠమే కాదు."

"పోనీ, నడుమల ఊకుంటరు కదా, గదన్న కోసేద్దునా?"

"అది అసలే వద్దు."

ఆమె కిటికీ పక్కన కూర్చుంది. తనే మొదలుపెట్టింది.

"తొంభై నాలుగులో మేము తెనాలి నుంచి వచ్చిన కొత్త. ఇక్కడ ఒక బళ్లో లెక్కలు చెప్పేదాన్ని. నాలుగో తరగతిలో ఒక పిల్లాడు చేరాడు. బోర్డు మీద రాస్తూ ప్రశ్న వేశాను. పలకలేదు. మళ్లీ అడిగాను. ఊహూఁ. పొగరనుకుని బయట నిలబెట్టాను. వారం రోజులు అదే వరస. ఎనిమిదో రోజు వాడు రాలేదు."

"తర్వాత?"

"ఇంటికి వెళ్తే తాళం. పక్కింటావిడ చెప్పాక తెలిసింది, తప్పు నాదని. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకే తెలుసు. బడి మానేసి ఓపెన్ స్కూల్లో చేరాను. బడి వదిలేసినవాళ్లు అక్కడికేగా వచ్చేది? వాడూ వస్తాడేమోనని పదేళ్లు చూశాను. నాలుగేళ్ల కింద ఇదిగో, ఈ కింది దుకాణంలో కనపడ్డాడు. ఆ నెలే ఈ గది అద్దెకు తీసుకున్నాను. ఈ పాఠాలే నెట్ సెంటర్‌లో మళ్లీ మళ్లీ చూసుకుంటాడు, వచ్చే నెల పదో తరగతి పరీక్ష రాస్తున్నాడు."

వేణుమాధవ్ మజ్జిగ తాగడం మర్చిపోయాడు. ఇంతలో మెట్ల మీద చప్పుడైంది. ముత్యాలు గుచ్చే యువకుడు లోపలికొచ్చి, ఆమెకు చేతులు జోడించి, కెమెరా పక్క కుర్చీలో పలక పట్టుకుని కూర్చున్నాడు.

"వీడే అంజన్. ముందు ఈ పాఠం కానీ బాబూ. చూశాక మీ సార్‌కు ఏం చెప్పాలో నువ్వే చెప్పు" అంది సీతారావమ్మ, లైటు తన ముఖం మీదికి తిప్పుకుంటూ.

వేణుమాధవ్ అంజన్ వెనక గోడకానుకుని నిలబడ్డాడు.

"చతురస్రం చుట్టుకొలత ఇరవై నాలుగు. భుజం ఎంత?"

ఆమె ఆగింది. అంజన్ పలక మీద రాసి పైకెత్తాడు. ఆమె నవ్వి, తలూపింది. "అవును, ఆరు."

తాను ఇన్నాళ్లూ కోసేద్దామనుకున్న తొమ్మిది సెకన్లలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పాఠంలో తన గొంతు పడకూడదని పలక వాడుతున్నాడే అని అతని తెలివికి ముచ్చటపడ్డాడు వేణుమాధవ్. ఈ విరామాన్ని మాత్రం కొయ్యనివ్వనని అక్కడే నిశ్చయించుకున్నాడు. ఇక మిగిలింది ముఖం సంగతి. పాఠం అయిపోయి అంజన్ పలక తుడుచుకుంటుంటే, వెనక నుంచే అడిగాడు.

"అన్నా, నువ్వు నెట్ సెంటర్ల మళ్ల చూసుకునేటప్పుడు గొంతు ఒక్కటుంటే సాలదా? మేడమ్ ముఖం గూడ గావాల్నా?"

అంజన్ తుడుస్తూనే ఉన్నాడు.

"అన్నా, నిన్నే."

తల తిప్పలేదు. కింద దుకాణంలోనూ ఇదే వరస. వేణుమాధవ్‌కు కొంచెం కోపమొచ్చింది. సీతారావమ్మ కెమెరా ఆపి, మెల్లగా అంది.

"ఎదురుగా వచ్చి అడుగు బాబూ, వాడికి వినపడదు."