అంచు లోపలికి

ఆ రోజు పొద్దున ఇంట్లో నలుగురే ఉన్నారు. గదులు అద్దెకిచ్చిన అక్క, కాళ్ళు బారజాపి టీ తాగుతున్న నర్సు, రెండు వారాల కిందట విమానం దిగిన కొత్తమ్మాయి, ఇంకా నత్తమ్మ.

నత్తమ్మ అసలు పేరు ఎవరూ అడగలేదు. ఆసుపత్రి లాండ్రీలో అందరికంటే నెమ్మదిగా దుప్పట్లు మడుస్తుందని ఆ పేరు పెట్టారు.

కొత్తమ్మాయి పని కూడా అక్కడే. ఆ రోజుతో ఆమె పరీక్ష గడువు అయిపోతుంది. ఉద్యోగం ఖాయమైతే అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చిన కూతుర్ని తెచ్చుకోవచ్చు. లేకపోతే ఇంటికి పోయి, పాపను వదిలి మళ్ళీ ఇంకెక్కడికో బయల్దేరాలి. ఊళ్ళో బతుకు లేకే కదా ఇంత దూరం వచ్చింది.

ఫోన్‌లో పాప అడుగుతోంది.

"అమ్మా, ఇంకా ఎన్నిసార్లు పడుకుని లేస్తే వస్తావు?"

"నేను రాను బంగారం. నువ్వే వస్తావు."

జడ వేసుకుంటున్న నత్తమ్మ తల తిప్పింది. "పాపకెన్నేళ్ళు తల్లీ?"

"నాలుగు. నిన్న కూడా చెప్పాను కదా పిన్నీ."

"నత్తకు మతిమరుపు కూడానా!" అని నర్సు నవ్వింది.

నత్తమ్మ జడ ముడి వేసుకుని లోపలికి వెళ్ళింది.

కొత్తమ్మాయి బట్టలు తీసుకుంటుంటే పక్కనే తగిలించి ఉన్న నత్తమ్మ ఏప్రాన్ జేబులోంచి ఒక చీటీ రాలింది. దాని మీద నలభై ఒకటి. కొత్తమ్మాయి నంబరు.

లాండ్రీలో పది దుప్పట్లు ఒక కట్ట. ఎవరు మడిచారో వాళ్ళ నంబరు చీటీ కట్టకు కడతారు. మడత తప్పితే కట్ట వెనక్కి వస్తుంది. ఆ నంబరుకు చెడ్డ గుర్తు పడుతుంది.

"నా చీటీ ఈవిడ జేబులో ఎందుకుంది అక్కా?"

"ఇంకా అర్థం కాలేదా? నీ కట్టకు నీ చీటీ పీకేసి తనది కడుతోంది. నీ కష్టం తింటోంది," అంది గదులిచ్చిన అక్క.

"పెద్దావిడ కదా..."

"పెద్దావిడని ఊరుకో. రేపు నీ పాపను ఎవరు తెస్తారు, నేనా?"

కొత్తమ్మాయికి ఒళ్ళు మండింది. చేరిన రెండో రోజున ఈ నత్తమ్మే పక్క బల్ల నుంచి వంగి, "అంచు లోపలికి పెట్టి మడవాలి తల్లీ," అంది. "మీ కట్టలు చూసుకోండి పిన్నీ. నిన్న వెనక్కి వచ్చినవి మీవే," అని కొత్తమ్మాయి అప్పుడే జవాబు చెప్పింది. నత్తమ్మ మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

పనిలోకి వెళ్ళగానే చీటీ తీసి, ఎక్కడ దొరికిందో చెప్పి సూపర్‌వైజర్ చేతిలో పెట్టింది.

"ఏడో నంబరూ!" అని అతను నత్తమ్మను కేకేశాడు. "చీటీలు మార్చావా?"

నత్తమ్మ ఒకసారి కొత్తమ్మాయి వైపు చూసింది.

"మార్చాను బాబూ."

"ఎందుకు?"

"చెయ్యి ఆడటం లేదు. వయసైపోయింది."

"ఇంకోసారి తప్పు జరిగితే ఊరుకోనని పోయినసారే చెప్పాను. ఏప్రాన్ ఇచ్చెయ్. సాయంత్రం ఇంటికే ఎయిర్‌పోర్టు వ్యాన్ వస్తుంది. సామాను సర్దుకో."

నత్తమ్మ ఏప్రాన్ విప్పి, మడిచి బల్ల మీద పెట్టింది. రెప్పపాటులో. ఆ చేతులు అంత చురుగ్గా కదలడం కొత్తమ్మాయి చూడటం అదే మొదటిసారి.

భోజనాల వేళకు ఖాయం కాగితం వచ్చింది.

"రెండు వారాల్లో నీ కట్ట ఒక్కటి కూడా వెనక్కి రాలేదు," అన్నాడు సూపర్‌వైజర్.

మూడింటికి కట్టలు వెనక్కి వచ్చాయి. ఒకటి కాదు, నాలుగు.

"ఏంటిది? అంచు బయటికి పెట్టి చీర మడిచినట్టు మడిచావు! అంచు వేలాడితే బండి చక్రాల్లో చిక్కుకుంటుందని మొదటిరోజే చూపించానా లేదా?"

చూపించాడు. బెదురుతో ఆమె సరిగ్గా చూడలేదు. మళ్ళీ అడగడానికి సిగ్గేసింది. అమ్మ చీర మడిచినట్టే మడుస్తూ వచ్చింది. ఒక్కటీ వెనక్కి రాకపోయేసరికి సరిగ్గానే ఉందనుకుంది.

"ఈ చీర మడతలు ఏడో నంబరువి కదా. నీకూ అంటుకున్నాయా?" అతను కట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. "వింతేంటంటే, కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా ఆవిడ మడతలు చెడిపోయేవి."

కొత్తమ్మాయి ఖాళీగా ఉన్న పక్క బల్ల వైపు చూసింది.

'ఆవిడవి కావండీ, అవన్నీ నావే.' మాట పెదవుల దాకా వచ్చింది. జేబులో ఖాయం కాగితం గరగరలాడింది.

"ఇకనుంచి సరిగ్గా మడుస్తానండీ," అంది.

పని అవగానే ఒక్క పరుగున ఇంటికి వచ్చింది. గేటు ముందు వ్యాన్ ఆగి ఉంది. లోపల నత్తమ్మ, ఒళ్ళో చిన్న సంచీ. సాగనంపడానికి ఎవరూ బయటికి రాలేదు.

"పిన్నీ!"

"ఖాయమైందా తల్లీ?"

"అయింది. కానీ... ఆ కట్టలు నావని నేను చెప్పలేదు పిన్నీ. నోరు రాలేదు."

"మంచి పని చేశావు. అంచు మాత్రం లోపలికి పెట్టు. ఇక చూసేవాళ్ళెవరూ ఉండరు."

"నాకోసం ఎందుకు చేశారు పిన్నీ?"

డ్రైవర్ బండి స్టార్ట్ చేశాడు.

"పాపను తొందరగా తెచ్చుకో. మావాణ్ణి నాలుగో ఏట వదిలి వచ్చాను, మళ్ళీ వెళ్ళేసరికి 'నాయనమ్మా, ఈవిడెవరు?' అన్నాడు," అని నత్తమ్మ వ్యాన్ తలుపు లాగేసుకుంది.